రైలు ప్రయాణానికి డైపర్ కిట్

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. వచ్చే వారం విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్‌కు రైలులో వెళ్తున్నాము. చూడముచ్చటగా ఉండే డైపర్ కిట్ కొనేటప్పుడు ఏమేమి గమనించాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1: అందం కంటే ముందు, డైపర్ మార్చేటప్పుడు పాప కింద పరిచేందుకు అందులో ఉండే మడత పరుపును చూడండమ్మా. మడత విప్పితే పాప తల నుంచి మడమల వరకు పట్టాలి. బెర్తు మీద డైపర్ మారుస్తున్నంతసేపూ ఒక చేయి పాప పొట్టమీదే ఉంచాలి కాబట్టి, రెండో చేత్తోనే వైప్స్ తీయగలిగేలా అర పైవైపున ఉన్న కిట్టే పనికొస్తుంది.

జవాబు 2: నేను లేత రంగు కిట్ కొని బాధపడ్డాను, పసుపు మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ముదురు రంగు తీసుకోండి.

జవాబు 3: వాడిన డైపర్‌ను బయో టాయిలెట్‌లో వేయకండి, గొట్టం మూసుకుపోతుంది. గట్టిగా చుట్టి చెత్తబుట్టలోనే వేయండి. అందుకు నాలుగు కాగితపు సంచులు కిట్‌లో ఉంచుకోండి.