డెట్రాయిట్ కాడిలాక్ ఇంటిపేరు కల్పితమని తేలాక, వంశవృక్షంలో ఏ పేరు రాయాలి?

నోవై నాన్నమ్మ:

అందరికీ నమస్కారం. మా కోడలు మిషిగన్ అమ్మాయి. వాళ్ల పూర్వీకులు ఫ్రెంచివాళ్లు, క్విబెక్ మీదుగా వచ్చి డెట్రాయిట్ దగ్గర స్థిరపడ్డారు. మనవరాలికి బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా వైపు నాలుగు తరాలు చెప్పేసరికి నాకు పేర్లు అయిపోయాయి. కోడలి వైపు 1615లో ఫ్రాన్సులో జరిగిన ఒక పెళ్లి దాకా కాగితాలు దొరికాయి. నెల రోజులుగా రాత్రిళ్లు ఇదే పని.

కోడలి తాతగారి ఇంట్లో, హాల్లో ఒక చెక్క ఫ్రేము ఉంది. అందులో ఒక డాలు బొమ్మ, డాలు మీద ముక్కూ కాళ్లూ లేని చిన్న పిట్టలు. కాడిలాక్ కారు ముద్ర పుట్టింది ఆ డాలులోంచే. డెట్రాయిట్ కోటను 1701 జులై 24న మొదలుపెట్టిన ఆంత్వాన్ ద లా మోత్ కాడిలాక్ తమ వంశం వాడని ఆ పెద్దాయన గర్వం.

వెదికితే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, కాడిలాక్ వీళ్లకు రక్తసంబంధి కాదు. వీళ్ల మూలపురుషుడు జాఁ గుయోన్ అనే తాపీమేస్త్రీ. ఫ్రాన్సులో పెర్ష్ ప్రాంతం నుంచి 1634లో క్విబెక్ పక్కన బోపోర్‌కి వచ్చాడు. ఆయన కొడుకుల్లో క్లోద్ అన్న, దనీ తమ్ముడు. వీళ్లు క్లోద్ సంతానం. దనీ కూతురు మరీ తెరేజ్‌ని కాడిలాక్ పెళ్లాడాడు. అంటే క్లోద్ పిల్లలకు ఆయన బాబాయి కూతురి మొగుడు, మన లెక్కలో బావ.

రెండోది ఇంకా పెద్దది. ఆయన అసలు పేరు ఆంత్వాన్ లొమే. నైరుతి ఫ్రాన్సులో సేన్ నికోలా ద లా గ్రావ్ అనే ఊరి దగ్గర 1658 మార్చిలో పుట్టాడు. తండ్రి జాఁ లొమే చిన్న ఊరి న్యాయవాది, తల్లి జాన్ పెషాగు వర్తకుల ఇంటి ఆడపడుచు. కానీ 1687 జూన్ 25న క్విబెక్‌లో జరిగిన పెళ్లి నమోదులో తండ్రి పేరు జాఁ ద లా మోత్, తులూజ్ పార్లమెంటులో (ఆ కాలంలో అది పెద్ద కోర్టు) సలహాదారు అని, తల్లి పేరు జాన్ ద మలాంఫాఁ అని రాయించాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు ఉంటే ఇరవై ఆరు అని చెప్పాడు.

బావగారి గడి ఒకటి పక్కన గీయాలి కదా. అందులో ఏ పేరు పెట్టాలి? నా మనసు లొమే వైపే ఉంది. మీరేమంటారు?

మాజీ వీఆర్వో:

నాన్నమ్మ గారూ, లొమే అనే రాయండి. ముప్పై ఏళ్లు రెవెన్యూలో చేశాను. ఎవరైనా పొలం కాగితం పట్టుకొస్తే మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఇక్కడ లింకు ఎక్కడ తెగింది? పెళ్లి కాగితం దగ్గర. దానికి ముందు లా మోత్ అనే తండ్రి ఏ బాప్టిజం పుస్తకంలోనూ లేడు. పుట్టినప్పటి నమోదు వేరేవాళ్లు రాసింది, అందులో చంటిపిల్లాడికి సొంత ప్రయోజనం ఏదీ ఉండదు. పెళ్లి నమోదులో వివరాలు పెళ్లికొడుకు నోటి నుంచి వచ్చినవి. రెండూ కాగితాలే అయినా రెండింటికీ ఒకే విలువ ఇవ్వకూడదు.

కాంటన్ ప్రవాసి:

నేను ఒప్పుకోను సార్. ఫ్రెంచి కెనడాలో ఒకే మనిషికి రెండు పేర్లు ఉండటం మామూలు. సైన్యంలో చేరితే ఒక మారుపేరు, ఊరు మారితే ఒకటి. ఫలానా 'దీ' ఫలానా అని రిజిస్టర్లలోనే రాసేవాళ్లు. మన దస్తావేజుల్లో 'వెంకటయ్య ఉరఫ్ వెంకటేశ్వర్లు' లాంటిదే. అన్నదమ్ముల్లో ఒకరి పిల్లలు అసలు పేరుతో, ఇంకొకరి పిల్లలు మారుపేరుతో మిగిలిన ఇళ్లు బోలెడు. నాన్నమ్మ గారి గుయోన్‌లే కొన్ని శాఖల్లో దియోన్ అయ్యారు. అమెరికాకు వచ్చాక బ్వావేర్ ఇంటివాళ్లు గ్రీన్‌వుడ్ అయ్యారు, రువా వాళ్లు కింగ్ అయ్యారు. వీళ్లందరినీ అబద్ధాలకోరులు అంటామా? మనిషి బతికిన పేరు, పిల్లలకు ఇచ్చిన పేరు, ఊరు గుర్తుంచుకున్న పేరు, అదే ఆయన పేరు. నలభై ఏళ్లు కాడిలాక్‌గా బతికాడు.

నోవై నాన్నమ్మ:

బాబూ, మారుపేరు సంగతి నాకూ తెలుసు, గుయోన్‌లను వెదికేటప్పుడు ఆ తిప్పలన్నీ పడ్డాను. కానీ ఇది ఆ కోవలోకి రాదు. 'దీ' పేరు పెట్టుకున్నవాడు అమ్మానాన్నలను మార్చడు. ఈయన తల్లి పేరు కూడా తీసేశాడు. నాకు మింగుడుపడనిది అదే. కన్నతల్లి పెషాగు ఇంటి పిల్ల అయితే, కొడుకు పెళ్లి రోజున ఆమె చోట ఊహించిన పేరొకటి కూర్చుంది.

ఇంకొకటి చూడండి. పెళ్లి నమోదులో తన పేరు పక్కన 'ఎక్వియే' అని రాయించాడు. అది పుట్టుకతో వచ్చే ప్రభువర్గపు హోదా. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ 1666 నుంచి దొంగ ప్రభువులను ఏరడానికి విచారణలే నడిపించాడు, పత్రాలు చూపలేనివాళ్లకు జరిమానాలు వేశారు. కాబట్టి ఇది తప్పని ఆ కాలం వాళ్లకూ తెలుసు. సముద్రం దాటిన చోట అడిగేవాడు లేడు, అంతే.

పేరు కూడా గాలిలోంచి పుట్టలేదు. వాళ్ల ఊరి చుట్టుపక్కలే లామోత్ బార్దిగ్ బారను ఒకాయన ఉండేవాడు, కాడిలాక్, లోనే అనే బిరుదులు ఆయనవి. ఆ పేర్లే ఇక్కడ పెళ్లి పుస్తకంలో తేలాయి. తాతగారి హాల్లో ఉన్న డాలులోని పిట్టలు కూడా ఆ ఇంటివే.

మెయిన్ నుంచి:

ఈ పేరు మీద నిజమైన భూమి చేతులు మారింది, అది కూడా లెక్కలోకి తీసుకోండి. నేను ఉండేది మెయిన్ రాష్ట్రంలో, మౌంట్ డెజర్ట్ దీవికి దగ్గర్లో. 1688లో న్యూ ఫ్రాన్స్ (ఉత్తర అమెరికాలోని ఫ్రెంచి వలస) గవర్నరు ఆ దీవిని, ఎదురుగా ఉన్న ఒడ్డు కొంత కాడిలాక్‌కి రాసిచ్చాడు. ఆయన అక్కడ స్థిరపడలేదు. దాదాపు వందేళ్ల తర్వాత, అమెరికా స్వాతంత్ర్యం వచ్చాక, మనవరాలు మరీ తెరేజ్, ఆమె భర్త బార్తెలెమీ ద గ్రెగ్వార్ ఫ్రాన్సు నుంచి బోస్టన్ వచ్చి, మా తాత భూమి మాకివ్వండని మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. ఫ్రెంచి సేనాని లఫాయెత్ సిఫారసు తోడైంది. 1787లో దీవి తూర్పు సగం వాళ్లకు దక్కింది. హల్స్ కోవ్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే కన్నుమూశారు. ఇప్పుడు ఆ దీవి మీది పెద్ద కొండ పేరు కాడిలాక్ మౌంటెన్. శాసనసభ ఒప్పుకున్న వంశాన్ని మనం చార్టులో కాదంటామా?

మాజీ వీఆర్వో:

మంచి కేసు చెప్పారండీ, కానీ అది ఇంటిపేరుకి రుజువు కాదు. ఆ దంపతులు నిరూపించాల్సింది ఒక్కటే: 1688లో పట్టా పొందిన మనిషికి ఈమె మనవరాలు అని. ఆ మనిషి పుట్టినప్పుడు లొమేనా, లా మోతా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. పైగా సభ ఆ భూమిని హక్కుగా ఇవ్వలేదు, ఫ్రాన్సుతో స్నేహం కోసం దయగా ఇచ్చింది. వారసత్వం నిజం, ప్రభువర్గపు పుట్టుక కల్పితం. రెండూ ఒకే మనిషి విషయంలో కలిసి ఉండొచ్చు.

మెయిన్ నుంచి:

ఒప్పుకుంటాను. వారసత్వం, ఇంటిపేరు అని విడదీసి నేను ఆలోచించలేదు.

యానాం అబ్బాయి:

మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన కాబట్టి మా తాతగారి పుట్టుక పత్రం ఫ్రెంచిలోనే ఉంది. ఫ్రెంచి రికార్డుల్లో ఒక మేలు ఉంది, నాన్నమ్మ గారికి పనికొస్తుంది. ఆడపిల్ల పెళ్లయినా, పోయినా పుట్టింటి పేరుతోనే నమోదవుతుంది. న్యూ ఫ్రాన్స్‌లోనూ అంతే. ఇంగ్లీషువాళ్ల రికార్డుల్లో భార్య ఏ ఇంటి పిల్లో తెలియక దారి ఆగిపోతుంది. ఇక్కడ ఆగదు.

అందుకే నేననేది, కాడిలాక్ పేరు మీద ఇంత వాదన దేనికి? గట్టి కాగితాలు ఉన్నది భార్య వైపు. 1704 ఫిబ్రవరి 2న వాళ్ల కూతురికి జరిగిన బాప్టిజమే డెట్రాయిట్ సెయింట్ ఆన్ చర్చి పుస్తకంలో ఇప్పుడు మిగిలిన మొదటి నమోదు. అంతకు ముందువి 1703 మంటల్లో పోయాయి. ఆమె తాతముత్తాతలంతా పేరుతో, ఊరితో, వృత్తితో సహా దొరుకుతున్నారు.

తెనాలి టీచర్:

కాగితం ఉన్నవాళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు. అదే డెట్రాయిట్ రిజిస్టర్లలో 'పానీ' అని ఒక మాట కనిపిస్తుంది. బానిసలుగా అమ్ముడైన ఆదివాసీలకు ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరది. 1709లో న్యూ ఫ్రాన్స్ అధికారి రోదో ఒక ఉత్తర్వుతో ఆ బానిసత్వాన్ని చట్టబద్ధం చేశాడు. బాప్టిజం పుస్తకంలో వాళ్లకు ఒక క్రైస్తవ పేరు, యజమాని పేరు. అమ్మానాన్నల గడి ఖాళీ. ఒకడు లేని తండ్రిని రాయించుకున్నాడు, ఇంకొకరికి ఉన్న తండ్రిని రాయలేదు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. అమ్మా, మీ కోడలి పూర్వీకుల ఇళ్లలో అలాంటివాళ్లు ఉన్నారేమో కూడా చూడండి, దొరికితే ఆ పేర్లు చార్టులో వదిలేయకండి.

కాంటన్ ప్రవాసి:

టీచర్ గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. అయినా ఒక్క సంగతి: లొమే అని మాత్రమే రాస్తే రేపు ఆ పిల్ల పెద్దయ్యి వెదికినప్పుడు అమెరికాలో ఒక్క కాగితమూ దొరకదు. మిషిలిమాకినాక్ కోటలో, లూసియానాలో గవర్నరుగా, 1717లో బాస్టీల్ జైల్లో, ఎక్కడ చూసినా లా మోత్ కాడిలాకే. ఆ పేరు కొట్టేయకండి.

నోవై నాన్నమ్మ:

నాయనా, కొట్టేయను. నువ్వన్నది సబబే, వెదకడానికి తాళంచెవి అదే.

నిన్న రాత్రి చార్టు రాయడం మొదలుపెట్టాం. పక్క గడిలో మనవరాలి చేత 'ఆంత్వాన్ లొమే' అని సిరాతో రాయించాను. కింద చిన్న అక్షరాలతో '1687 నుంచి లా మోత్ కాడిలాక్ అని చెప్పుకున్నాడు'. తల్లి గడిలో జాన్ పెషాగు. ప్రతి పేరు కింద ఏ ఊరి పుస్తకం, ఏ తేదీ అని పెన్సిలుతో రాస్తోంది. కాగితం చూడని చోట గడి ఖాళీగానే ఉంచమన్నాను. పానీల సంగతి టీచర్ గారు చెప్పాక మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను, ఈసారి పూర్వీకుల పేర్ల కోసం కాదు, వాళ్ల ఇళ్లలో ఇంకెవరున్నారో అని.

తాతగారికి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. ఫ్రేము తీసేయమని నేను అనలేదు, ఆయనా ఏమీ అనలేదు. తర్వాత, మరి మన మొదటివాడు ఏం చేసేవాడని అడిగారు. తాపీమేస్త్రీ అని చెప్పాను. 1634లో పెర్ష్‌లోని మొర్తాన్ ఊళ్లో ఆయనా, జకారీ క్లూతియే అనే వడ్రంగీ కలిసి బోపోర్ భూస్వామి రొబేర్ జిఫార్‌తో రాసుకున్న ఒప్పందం గురించి చెప్పాను. క్లూతియేకి సంతకం రాదు, కాగితాల మీద గొడ్డలి బొమ్మ గీసేవాడు, మన పెద్దవాళ్ల నిశాని లాగ. ఆ బొమ్మ చూడాలని ఉందన్నారు. ప్రింటు తీసి ఆదివారం పట్టుకెళ్తున్నాం.

జాఁ గుయోన్ భార్య మతురీన్ రోబేన్ గడి ఇంకా సగమే నిండింది. పెళ్లి 1615లో అని ఉంది, పుట్టుక నమోదు నా కంట పడలేదు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి చేతిరాత చదవగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే చెప్పండి, మొర్తాన్ పుస్తకం పేజీలు పంపిస్తాను.