గాలి త్రిభుజం గీస్తే విమానం సుక్మా వెళ్లిపోయింది!

పెన్సిల్_మొన: రాత్రి గ్రాఫు కాగితం మీద గాలి త్రిభుజం లెక్క వేశాను: విమానం వేగం, గాలి, నేల మీద దారి మూడూ మూడు బాణాలుగా గీసేది. విశాఖ నుంచి నేరుగా పడమరకు, చింతూరు వైపు ప్రయాణం. గాలిలో విమానం వేగం 100 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). గాలి 180 డిగ్రీలు, 20 నాట్లు. డిగ్రీలు ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్క: దక్షిణం 180, పడమర 270. విమానం ముక్కు 281.5 డిగ్రీలకు పెట్టాలని వచ్చింది. మా స్నేహితుడు చూసి నవ్వి ఊరుకున్నాడు. తప్పెక్కడ?

సీతమ్మధార_మాస్టారు: బాబూ, గాలి బాణం తిరగబడింది. గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ దిక్కే చెబుతారు. 180 అంటే దక్షిణపు గాలి, బాణం ఉత్తరానికి గీయాలి. మీరు దక్షిణానికి గీసి, గాలి నెట్టే వైపుకే ముక్కునూ తిప్పారు. ముక్కు వల్ల ఉత్తరానికి 20, గాలి వల్ల మరో 20. గంట తిరిగేసరికి 40 నాటికల్ మైళ్లు, అంటే 74 కిలోమీటర్లు పక్కకు! చింతూరు దగ్గర ఉండాల్సినవారు ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా దరిదాపుల్లో తేలతారు. సరైన జవాబు 258.5, నేల మీద వేగం 98 నాట్లు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని మన ఇళ్లలో అందరికీ తెలుసు, కాగితం ముందు కూర్చుంటేనే మరిచిపోతాం.

హార్బర్_గట్టు: మాస్టారూ, నీటికి ఇది తారుమారు. సముద్ర ప్రవాహాన్ని ఎటు పోతుందో ఆ దిక్కుతో చెబుతారు. మన తీరం వెంట ఎండాకాలంలో ఈశాన్యానికి, అక్టోబరు దాటాక నైరుతికి పోతుంది. పడవ లెక్కలకు అలవాటుపడి విమానం లెక్క చేస్తే నేనూ ఇలాగే బోల్తాపడ్డాను.

గాలిపటం_72: నా తప్పు ఇంకోలా ఉండేది. ముక్కును 270లోనే ఉంచి గాలి సదిశను కలిపాను. 11.3 డిగ్రీలు పక్కకు జరిగింది, కాబట్టి అంతే వెనక్కి తిప్పాను. నిజానికి తిప్పాల్సింది 11.5. దారి తెలిసి ముక్కు తెలియనప్పుడు టాన్ కాదు, సైన్ వాడాలి: 20ని 100తో భాగిస్తే 0.2. గీసే పద్ధతి ఇది. బయలుదేరిన చోట ముందు గాలి బాణం గీయండి. దాని మొన మీద వృత్తలేఖిని ఆనించి, 100 నాట్లకు సరిపడా తెరిచి, పడమటి గీతను ఖండించండి. గాలి మొన నుంచి ఆ ఖండన బిందువుకు పోయే గీతే ముక్కు దిశ. బయలుదేరిన చోటు నుంచి బిందువు వరకు కొలిస్తే నేల మీద వేగం.

పెన్సిల్_మొన: 258 వచ్చింది. ఆ అర డిగ్రీ నా పెన్సిల్ మొద్దుబారడం వల్ల. మరి దిగేటప్పుడు?

సీతమ్మధార_మాస్టారు: అక్కడ గాలిని ఎదురు, పక్క అంశాలుగా విడదీయాలి. మన విశాఖ రన్‌వే పేర్లు 10, 28, అంటే దాని రెండు దిశలు 100, 280 డిగ్రీలు. 28 మీద దిగుతుంటే 230 నుంచి 12 నాట్ల గాలి వస్తోందనుకోండి. కోణం 50 డిగ్రీలు. ఎదురుగాలి 7.7, పక్కగాలి 9.2. ఆ 9.2 కోసమే విమానం ముక్కు కాస్త ఎడమకు పెట్టి వస్తుంది. చూసేవారికి వంకరగా దిగుతున్నట్టే ఉంటుంది.