రైజ్, రేజ్: ఏది ఎక్కడ వాడాలె?

హన్మకొండ అభ్యర్థి:
పోటీ పరీక్షల ఇంగ్లిషు పేపర్ల తప్పు గుర్తించే ప్రశ్నలల్ల రైజ్ (rise), రేజ్ (raise) అనే ఈ రెండు క్రియలు మళ్లమళ్ల వస్తున్నయి. ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర పెరిగిందనడానికి ‘ది ప్రైస్ హాజ్ రేజ్డ్’ తప్పంట, ‘హాజ్ రిజెన్’ ఒప్పంట. కానీ ‘ది ప్రైస్ వాజ్ రేజ్డ్’ కూడ ఒప్పేనంట. ఎట్ల?

కాజీపేట టీచర్:
తమ్మీ, రైజ్ అంటే పెరుగు, లేచు. రేజ్ అంటే పెంచు, ఎత్తు. మన దిగు, దించు లెక్కనే. ‘ధర పెంచింది’ల ధరనే కర్త అనుకుంటే ‘దేన్ని పెంచింది?’ అని అడుగుతం. ‘హాజ్ రేజ్డ్’ అని ఆపేస్తే ఇంగ్లిషుల కూడ అదే లోటు. రేజ్‌కు కర్మ కావాలె, రైజ్‌కు ఉండదు.

కడెం ప్రాజెక్టుల నీటిమట్టం పెరిగింది: ‘ది వాటర్ లెవెల్ రోజ్’. ఇంజనీర్లు గేట్లు ఎత్తిన్రు: ‘ది ఇంజనీర్స్ రేజ్డ్ ద గేట్స్’.

ఇగ ‘వాజ్ రేజ్డ్’ సంగతి. కర్మ ఉన్న క్రియనే కర్మణిల (పాసివ్ వాయిస్‌ల) పెట్టగలం. మద్దతు ధరను కేంద్రం పెంచుతది, అందుకే ‘ద సపోర్ట్ ప్రైస్ వాజ్ రేజ్డ్’ ఒప్పు. మార్కెట్ ధర దానంతట అది పెరుగుతది, అది ‘రోజ్’. ‘వాజ్ రిజెన్’ అని ఆప్షన్ల కనబడితే కొట్టెయ్.

రూపాలు నోటికి రావాలె: రైజ్, రోజ్, రిజెన్. రేజ్, రేజ్డ్, రేజ్డ్. రైలుల ఉన్న ‘రై’, రేగుపండుల ఉన్న ‘రే’ వేరువేరుగ పలికితే సగం తప్పులు పోతయి.

ములుగు పాఠకుడు:
టు, బై కూడ చూసుకోండ్రి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది. 43 నుంచి 48కి పెరిగితే ‘రోజ్ టు 48 ఫీట్’ లేదా ‘రోజ్ బై 5 ఫీట్’. ‘రోజ్ బై 48’ అంటే లెక్క మొత్తం మారిపోతది. ‘ది గోదావరి రైజెస్ నియర్ త్రయంబక్’ల మాత్రం పెరగడం కాదు, అక్కడ పుట్టిందని అర్థం.

హన్మకొండ అభ్యర్థి:
మంచిగ అర్థమైంది సార్. ప్రశ్న లేవనెత్తుడు, చందాలు పోగుచేసుడు, పిల్లల్ని పెంచుడు, ఇవన్నీ రేజేనా?

కాజీపేట టీచర్:
అవును, మూడింట్ల ‘దేన్ని, ఎవరిని’ ఉన్నది. సమస్య తలెత్తుడు మాత్రం ‘అరైజ్’, దానికి కర్మ ఉండదు. ఇంకోటి, రేజ్‌ల ‘ఎస్’ బదులు ‘జెడ్’ రాసి ‘ఐ’ తీసేస్తే (raze) పలుకు అదే, అర్థం నేలమట్టం చేసుడు. స్పెల్లింగ్ ప్రశ్నలల్ల అది చూసి రాయి.