స్పీకర్లు: వార్మ్ సౌండా, బ్రైట్ సౌండా?

శ్రుతిపెట్టె: కొత్త స్పీకర్లు తీసుకుంటున్నాను. ఒక జత వార్మ్‌గా ఉంది, గొంతు నిండుగా, హాయిగా వినిపిస్తోంది. ఇంకో జత బ్రైట్, వయొలిన్ తీగ మీద కమాను రాపిడి కూడా తెలిసిపోతోంది. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

తారాస్థాయి: సందేహమెందుకు, బ్రైటే. వార్మ్ అంటే ట్రెబుల్ (పై స్థాయి సన్నటి శబ్దాలు) తగ్గించి వినిపించడమే కదా. రికార్డింగులో ఉన్నది వినబడకపోతే ఎంత హాయిగా ఉండి ఏం లాభం?

మంద్రం: తారాస్థాయి గారూ, ఒప్పుకోను. మన చెవి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య బాగా చురుకు. అక్కడ రెండు మూడు డెసిబెల్స్ పెంచితే చాలు, ఏ స్పీకరైనా స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. షాపులో కాసేపు వింటే అదే నచ్చుతుంది. ఇంట్లో గంటసేపు విన్నాక, పాటలో ‘స’ వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకోవడం మొదలవుతుంది. అలాగని వార్మ్‌ను వెనకేసుకు రావడం లేదు. 100 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర ఉబ్బితే బేస్ గిటారూ మగ గొంతూ కలిసిపోయి ముద్దగా వినిపిస్తాయి. 1980లలో కెనడాలో ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లు కనబడకుండా పెట్టి వినిపించినప్పుడు, ఎక్కువమంది మెచ్చుకున్నది అన్ని స్థాయుల శబ్దాలనూ ఎత్తుపల్లాలు లేకుండా సమంగా వినిపించేవాటినే.

శ్రుతిపెట్టె: బ్రైట్‌వి కొని, సౌండ్ మెత్తబడేలా ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే యాంప్లిఫయర్) పెడితే సరిపోదా?

మంద్రం: అది లాటరీ అండీ. చాలా ట్యూబ్ యాంపుల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) ఎక్కువ. స్పీకర్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి టోన్ కూడా దాంతోపాటే మారుతుంది. ఒక స్పీకర్‌తో మెత్తబడ్డది ఇంకోదానితో మెత్తబడదు. ముందు గది చూడండి. నున్నటి నేల, అద్దాల కిటికీలు ఉంటే మంచి స్పీకరూ కీచుగానే ఉంటుంది. మందపాటి కర్టెన్లు వేయండి, స్పీకర్ల ముఖం మీ చెవుల వైపు నుంచి కాస్త పక్కకు తిప్పండి. ట్రెబుల్ సన్నటి ధారగా వస్తుంది, ఆ మాత్రం తిప్పినా తేడా తెలుస్తుంది. రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉంచండి, కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది.

తారాస్థాయి: గది విషయం సరే. కానీ వయసు పైబడితే ట్రెబుల్ వినికిడి తగ్గుతుంది. మా నాన్నగారికి బ్రైట్ స్పీకర్లోనే మాటలు తెలుస్తాయి. ఆయనకూ మీ సలహా ఇదేనా?

మంద్రం: ఆయనకైనా అదే. సమంగా ఉన్నది కొని టోన్ కంట్రోల్‌లో ట్రెబుల్ పెంచండి. మీరు వినేటప్పుడు తగ్గించుకుంటారు. స్పీకర్లోనే ఒకచోట పొడుచుకొచ్చిన శబ్దాన్ని మాత్రం ఆ నాబ్ సరిచేయలేదు.