కందిపొడి ట్రైనింగ్ అడిగితే మీ సంఘమే లేదంటున్నారు, ఎక్కడ అడగాలి?

కొత్తపేట కోడలు (రాత్రి 8:52)

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఇదే పని మీద ఉన్నాను. తల పగిలిపోతోంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మా అత్తమ్మ వాళ్ళ ఊళ్ళో పన్నెండు మంది ఆడవాళ్ళు కలిసి గ్రూపు నడుపుతున్నారు. నాలుగేళ్ళలో ఒక్క కిస్తీ కూడా ఆపలేదు. ఊరు తాండూరు పక్కన, అంతా కంది పండే నేల. వాళ్ళు కందిపొడి చేసి పంపితే నేను ఇక్కడ అపార్ట్‌మెంట్లలో అమ్మిపెడతానన్నాను. మొదటిసారి పది కిలోలు పంపితే మూడు రోజుల్లో అయిపోయింది. రెండోసారి పంపిన ప్యాకెట్లలో సగం పదిహేను రోజులకే ముక్కిపోయాయి. కొన్నవాళ్ళందరికీ డబ్బులు వాపసు ఇచ్చాను. అందుకే వాళ్ళకు పద్ధతిగా ట్రైనింగ్ ఇప్పించాలని అనుకున్నాం.

ఫ్రీగా నేర్పుతారంటే ఒక శిక్షణ కేంద్రానికి ఫోన్ చేశాను. సంఘం వివరాలు అడిగితే పంపాను. ఆ నంబరుతో సంఘమే లేదంటున్నారు. మండలంలో అడగమన్నారు, అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. నాలుగేళ్ళుగా ఉన్న గ్రూపు లేదంటే ఎలా?

తార్నాక 44 (8:58)

ఏ సంఘం? సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) కిందదా? ఊళ్ళో సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘంలో ఉందా? సభ్యుల వయసులు ఎంత? ఇవి రాయకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

కొత్తపేట కోడలు (9:03)

డ్వాక్రా గ్రూపే అండి. ఊళ్ళో అందరూ అలాగే అంటారు. అత్తమ్మే లీడర్.

పాత ఏపీఎం (9:15)

అమ్మా, ముందు ఒక మాట. డ్వాక్రా అన్నది 1982లో వచ్చిన పథకం పేరు. 1999లో దాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు. మన దగ్గర 2000లో సెర్ప్ వచ్చింది, వెలుగు, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) పథకాలు దాని కిందే నడిచాయి. 2011లో దేశమంతటికీ జీవనోపాధుల మిషన్ వచ్చింది. అంటే పాతికేళ్ళ కిందటే ఆగిపోయిన పథకం పేరు మనం ఇంకా వాడుతున్నాం. ఆఫీసులో డ్వాక్రా అంటే ఏ రికార్డులో వెతకాలి?

సంఘం అంటే పంచసూత్రాలు ఉండాలి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ. ఈ అయిదింటిలో మీ అత్తగారి గ్రూపులో ఎన్ని ఉన్నాయో చూడండి. నేను ఏపీఎంగా, అంటే మండలంలో సంఘాల పని చూసే అధికారిగా, పనిచేసిన రోజుల్లో పుస్తకం సరిగా రాయని సంఘానికి ఏ శిక్షణా ఇప్పించేవాళ్ళం కాదు. ముందు పుస్తకం, ఆ తర్వాతే కందిపొడి.

నల్లకుంట (9:21)

సర్, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మా అమ్మ ఇరవై ఏళ్ళు గ్రూపులో ఉంది, చివరిదాకా డ్వాక్రా అనే అంది. బ్యాంకులో మేనేజర్లూ అదే అంటారు, పేపర్లూ అదే రాస్తాయి. జనం వాడే మాట తప్పెలా అవుతుంది?

పాత ఏపీఎం (9:26)

తప్పని కాదు, చిక్కు వస్తుందని చెప్తున్నాను. ఇప్పుడు వచ్చింది ఆ చిక్కే అని నా అనుమానం.

తార్నాక 44 (9:28)

అప్పు కార్డు ఫోటో తెప్పించండి. పేర్లు కనపడకుండా.

కొత్తపేట కోడలు (9:44)

అత్తమ్మ పంపింది. ఫోటో పెట్టను, కార్డులో ఉన్నది రాస్తాను. పైన కంపెనీ పేరు, కింద వారం వారం కిస్తీ గళ్ళు, ప్రతి గడిలో ఒక సంతకం. గురువారం పొద్దున ఏడింటికి సెంటర్ మీటింగ్ అని ఉంది. పొదుపు గడి లేదు. ఎవరి అప్పు వాళ్ళదే, ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలట. మధ్యాహ్నం నేను పంపింది ఈ కార్డు మీది నంబరే.

తార్నాక 44 (9:45)

అది సంఘం కాదు. జేఎల్‌జీ.

రిటైర్డ్ బ్యాంకు (9:58)

నేను వివరంగా రాస్తాను. మీరు కంగారు పడకండి, దీనికి దారి ఉంది.

జాయింట్ లయబిలిటీ గ్రూపు అంటే మైక్రోఫైనాన్స్ కంపెనీ ఒకరికొకరిని హామీగా పెట్టి ఎవరి అప్పు వాళ్ళకి ఇచ్చే పద్ధతి. స్వయం సహాయక సంఘం అలా కాదు. అందులో ముందు పొదుపు, తర్వాత ఆ డబ్బులోంచే లోపలి అప్పులు, ఆ పైన సంఘం పేరు మీద బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు అప్పు. నాబార్డు 1992లో మొదలుపెట్టింది ఈ రెండోదాన్నే. కంపెనీ గ్రూపు సెర్ప్ రికార్డులో ఉండదు కాబట్టి మీకు లేదని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఇంకొక్క మాట చెప్పి ఉంటే మీకు ఈ పూట మిగిలేది.

ఇక ట్రైనింగ్. ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, జిల్లాకొకటి లెక్కన బ్యాంకులే నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్ సంస్థ వీటికి నమూనా. ఫీజు ఉండదు, భోజనం, వసతి వాళ్ళే చూస్తారు. శిక్షణ అయ్యాక రెండేళ్ళు వెన్నంటి ఉండి, బ్యాంకు అప్పు దాకా సాయం చేయాలన్నది నియమం. గ్రూపు నంబరు పక్కన పెట్టి పన్నెండు మంది పేర్లు విడివిడిగా రాసివ్వండి. ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంటే అవీ జత చేయండి. బ్యాచ్ నిండాలంటే ఇంకొంతమంది కావాలి, పక్క ఊరివాళ్ళను కలుపుకోండి.

నల్లకుంట (10:04)

ఈ కంపెనీల మీద 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చారు కదా? మళ్ళీ ఊళ్ళోకి ఎలా వచ్చాయి?

రిటైర్డ్ బ్యాంకు (10:12)

తెచ్చారు, అది 2011లో చట్టమైంది. అయితే రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2022 నుంచి వాళ్ళకు రిజర్వ్ బ్యాంకు నియమాలే. ఇంటి నెల ఆదాయంలో కిస్తీలన్నీ కలిపి సగం దాటకూడదన్నది అందులో ముఖ్యం. ఇది వేరే చర్చ, వేరుగా పెట్టండి.

తార్నాక 44 (10:13)

వయసులు ఇంకా చెప్పలేదు.

కొత్తపేట కోడలు (10:17)

అత్తమ్మకు 52. నలుగురు ముప్పైల్లో ఉంటారు, మిగతావాళ్ళు నలభై దాటినవాళ్ళే. ఇంకో సమస్య, చెప్పడం మర్చిపోయాను. రాత్రుళ్ళు బయట ఉండటం కుదరదు, అందరికీ బర్రెలున్నాయి. పొద్దున నాలుగింటికి పాలు పితకాలి.

పాత ఏపీఎం (10:25)

మా రోజుల్లో ఆర్‌సెటీకి 18 నుంచి 45 ఏళ్ళే తీసుకునేవారు. పెద్దవాళ్ళ సంగతి ఫోన్‌లో కాదు, వెళ్ళి అడగండి. బర్రెలున్న ఊళ్ళో బ్యాచ్‌ను పంచాయతీ ఆఫీసులోనే పెట్టించిన అనుభవం నాకుంది. పదకొండు నుంచి నాలుగు దాకా నడిపాం. అడిగితే కుదిరింది, అడగకపోతే ఎవరూ పెట్టరు.

ఊళ్ళో వీఓఏను, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని, కలవమనండి. పొదుపుతో కొత్త సంఘం కట్టుకుంటే ఆరు నెలలు సరిగ్గా నడిచాక బ్యాంకు అప్పుకు అర్హత వస్తుంది. పది లక్షల దాకా పూచీకత్తు అడగకూడదు. ట్రైనింగ్ కోసం ఆ ఆరు నెలలు ఆగనక్కర్లేదు.

అంబర్‌పేట వంటిల్లు (10:31)

ముక్కిపోవడం గురించి ఎవరూ అడగలేదు! పొడిలో వెల్లుల్లి వేశారా?

కొత్తపేట కోడలు (10:36)

వేశారు. రెండోసారే వేశారు, నేనే వేయమన్నాను. పచ్చిదే దంచి కలిపారట.

అంబర్‌పేట వంటిల్లు (10:41)

అదే. పచ్చి వెల్లుల్లిలో తడి ఉంటుంది. సన్న సెగ మీద పెళపెళలాడేదాకా వేయించి వేయాలి, లేదా మానేయాలి. ఉప్పు కూడా ఒకసారి వేయించండి, చెమ్మ పోతుంది. పప్పు వేయించాక గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. పొడి పట్టించాక కూడా మళ్ళీ పరచాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నా ప్యాక్ చేయొద్దు, కవర్ లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది.

అమ్మేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్నవాళ్ళకు ఏడాదికి వంద రూపాయలే. ప్యాకెట్ మీద ఆ నంబరు, తయారైన తేదీ, బరువు, పచ్చ గుర్తు ఉండాలి.

లెక్కల పంతులు (10:55)

నా మాట ఒకటి వినండి. ఎక్కడ నేర్చుకున్నా సరే, ధర కట్టడం నేర్పకపోతే ఆ ట్రైనింగ్ వృథా. నేను ఆరేళ్ళు ఊళ్ళలో ఇదే నేర్పాను. అందరూ పప్పు, మిరపకాయ, కవర్, బస్సు చార్జీ చెప్తారు. తమ కష్టం చెప్పరు.

ఒక ఊళ్ళో నలుగురు పొడి చేస్తుంటే మధ్యలో ఖాళీ పళ్ళెం పెట్టాను. గంట గడిచినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక చింతగింజ వేయాలని చెప్పాను. పని అయ్యేసరికి పన్నెండు గింజలు. ఒక్కో గింజకు యాభై వేద్దామంటే అందులో ఒకావిడ, ‘ఇంట్ల పనికి పైసలేంది సార్’ అంది. ఉపాధి పనికి పోతే కూలి తీసుకుంటావు కదమ్మా అన్నాను. ఆమె చాలాసేపు ఆ పళ్ళెం వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు చేసింది అయిదు కిలోలు. పన్నెండు గింజలకు ఆరు వందలు, అంటే కిలోకు నూట ఇరవై. అప్పటిదాకా వాళ్ళు వేసిన ధరలో ఆ నూట ఇరవై లేదు.

మీరు ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఎంతకు అమ్ముతున్నారు? అందులో వాళ్ళ గింజలున్నాయా?

కొత్తపేట కోడలు (11:08)

లేవు సర్. పప్పు ధర, మర ఖర్చు, పైన కిలోకు నలభై వేశాం, అంతే. అదీ నేనే చెప్పిన ధర.

నల్లకుంట (11:12)

కొనేవాళ్ళు అంత ఇస్తారా? సూపర్ మార్కెట్‌లో తక్కువకే దొరుకుతుంది.

లెక్కల పంతులు (11:19)

తక్కువకు అమ్మి నష్టపోవడం కన్నా నిజమైన ధర చెప్పి తక్కువ కిలోలు అమ్మడం మేలు. తాండూరు కందికి 2022లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది అక్కడి పప్పేనని కొనేవాళ్ళకు చెప్పండి.

తార్నాక 44 (11:20)

రాజేంద్రనగర్ ఎన్‌ఐఆర్‌డీలో (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) రూరల్ టెక్నాలజీ పార్క్ ఉంది. ఒకసారి చూసి రండి.

కొత్తపేట కోడలు (ఉదయం 7:35)

అత్తమ్మతో మాట్లాడాను. ఇవాళ గురువారం, కిస్తీ కట్టి అక్కడి నుంచే వీఓఏ దగ్గరికి వెళ్తారట. పన్నెండు పేర్లూ రాసుకున్నాం, నేను శనివారం ఆర్‌సెటీకి వెళ్తున్నా. అందరికీ థాంక్స్, ఆఫీసుకు టైమైంది.

బోడుప్పల్ (ఉదయం 9:10)

మాదీ ఇలాంటిదే, కానీ టౌన్‌లో ఉంటాం, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) గ్రూపు. ఆర్‌సెటీ వాళ్ళు మమ్మల్ని తీసుకుంటారా? ఎవరైనా చెప్పగలరా?