టైప్ 1 షుగర్ ఉంటే పురిటికి పుట్టింటికి వెళ్లాలా, నెల్లూరులోనే ఉండాలా?

ఉదయగిరి అమ్మాయి:
చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, ఇన్సులిన్ మీదే ఉన్నాను. ఇప్పుడు ఆరో నెల. సీమంతం చేసి పురిటికి తీసుకెళ్తామని అమ్మావాళ్లు అంటున్నారు. మాది ఉదయగిరి పక్క పల్లె, చూపించుకునేది నెల్లూరులో. ఆయన డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే. ఏం చేయమంటారు?

కావలి పెద్దమ్మ:
వెళ్లు తల్లీ. తొలి కాన్పుకి అమ్మ పక్కనుంటే ఆ ధైర్యమే వేరు. ఒక్కదానివే ఉన్నప్పుడు షుగర్ పడిపోతే చూసేదెవరు? మోతాదు డాక్టరు ఫోన్లో చెప్తారు.

నెల్లూరు అక్క:
ఒంటరిగా ఉండకూడదన్నది నిజమే పెద్దమ్మా. కానీ ఇకపై మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. మోతాదు పెంచుకుంటూ పోవాలి, చివరికి రెట్టింపు దాటొచ్చు. ఇంట్లోవాళ్లు "ఇంత మందా, బిడ్డకు పడదేమో" అని భయపడి తగ్గించమంటారు. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డకు చేరదు, చేరేది చక్కెర. దాంతో బిడ్డ ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని బరువు పెరుగుతుంది, పుట్టగానే షుగర్ పడిపోతుంది. పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే కాన్పు కావాలనేది అందుకే.

సాధారణంగా చెప్పే లెక్క: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు. వాంతులు పట్టుకుంటే మాత్రం మీటరు చూసి ధైర్యపడొద్దు. గర్భిణులకు షుగర్ 200 దాటకుండానే కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు, ప్రాణానికే ముప్పు) పేరుకోవచ్చు. ఆ పూట ఉదయగిరి నుంచి అంత దూరం నెల్లూరు రావాలంటే ఎంత నరకమో ఆలోచించండి. ఏడో నెల నుంచి అమ్మే నెల్లూరు రావాలి.

కావలి పెద్దమ్మ:
చెప్పినంత సులువా? పాడి ఉన్న ఇల్లు వదిలి, అల్లుడింట్లో అన్ని నెలలు ఏ తల్లి ఉంటుంది? మొహమాటం ఉండదా?

నెల్లూరు అక్క:
మొహమాటం ఉంటుంది, కాదనను. గేదెల్ని ఎవరికైనా అప్పగించొచ్చు, కుదరకపోతే పిన్నో వదినో రావచ్చు. వచ్చినవాళ్లకి ఒకటి నేర్పు చెల్లీ: షుగర్ పడిపోయి చెమటలు పట్టి మాట తడబడితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకి మళ్లీ మీటరు చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

నాకు అన్నిటికన్నా భయం కాన్పు తర్వాతే. మాయ పడగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గిపోతుంది, పాలిస్తే ఇంకా తగ్గొచ్చు. పైగా మనవాళ్లు పథ్యమని గుప్పెడన్నం, వెల్లుల్లి కారం పెడతారు. ఆ తిండి మీద తొమ్మిదో నెల మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి డాక్టరు కొత్త మోతాదు కుదిర్చి సరే అన్నాకే, బిడ్డనెత్తుకుని ఊరికి వెళ్లు.