1858 నాటి తుపాకీ, హ్యామర్ కదలట్లేదు

ప్రశ్న (అనంతపురం): అన్నా, పెదనాన్న పోయినాక మూడు పట్టీల పాత తుపాకీ మా ఇంటికొచ్చింది, లాక్ ప్లేటు (హ్యామర్ పక్కనున్న ఇనుప పలక) మీద కిరీటం, 1858, టవర్ అని చెక్కి ఉన్నాయి, కళ్లు తిప్పుకోలేకపోతున్నా. హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే కొట్టే సుత్తి) మాత్రం కదలట్లేదు.

జవాబు (కర్నూలు): తమ్ముడూ, 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్‌లా (బ్రిటిష్ సైన్యం రైఫిల్) ఉంది, 1857లో కొవ్వు తూటాల గొడవ లేచింది ఈ రకం మీదే. హ్యామర్ జోలికి పోకముందు గొట్టంలో పాత తుపాకీ మందుందేమో చూడు: మూతికి ఎదురుగా నిలబడకుండా చెక్క పుల్ల దించి గుర్తు పెట్టి, బయట మూతి నుంచి నిపుల్ (హ్యామర్ వచ్చి కొట్టే చిన్న మొన) దాకా కొలిచి చూడు, పుల్ల అంత లోతు పోకుండా బాగా ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే, ఇక ముట్టుకోవద్దు, తుపాకుల మెకానిక్‌కి చెప్పు. ఖాళీ అయితే సన్న నూనె రెండు చుక్కలేసి రాత్రంతా వదిలెయ్.

జవాబు (కడప): ఎమెరీ పేపర్ (గరుకు కాగితం) పెట్టి రుద్దొద్దు, ప్లేటు మీది ఆ గుర్తులే దాని విలువ. కట్టెకు అవిసె నూనె పల్చగా చాలు. పాతదని లైసెన్స్ అక్కర్లేదనుకోకు, బాగుచేసినా పేలని వాటికే ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, ముందు కలెక్టరేట్‌లో అడుగు.